5.2 కోట్ల ఏళ్ల నాటి చేపల దగ్గరికి: ఫాసిల్ బ్యూట్ ఎలా చూడాలి

సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ చూడటానికి బయల్దేరే తెలుగువాళ్లు ఏటా వేసవిలో చాలామందే ఉంటారు. వయోమింగ్ రాష్ట్రపు నైరుతి మూలలో కెమ్మరర్ అనే చిన్న ఊరుంది. జాక్సన్ మీదుగా పైకి వెళ్లేవాళ్లకు అది పెద్ద చుట్టుదారి కాదు. ఆ ఊరికి పడమరన ఉన్న ఫాసిల్ బ్యూట్ అనే చోట, బోడిగుట్టల్లో, రాతి పొరల మధ్య, 5.2 కోట్ల ఏళ్ల నాటి చేపలు ముల్లు చెదరకుండా పడుకుని ఉన్నాయి. పొలుసు, రెక్క, పక్కటెముక, కంటిగుంట అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కొన్నింటి నోట్లో సగం మింగిన ఇంకో చేప కూడా ఉంటుంది.

దీన్ని దారిలో అరగంట ఆగి ఫొటో తీసుకుపోయే చోటుగా చూడకండి. ఒక పూర్తి రోజు కేటాయించండి. ఆ రోజులో కూడా ముందు చూడటం నేర్చుకుని, ఆ తర్వాతే సుత్తి పట్టండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వరస మార్చి, పొద్దున్నే డబ్బు కట్టి రాళ్లు చీల్చే క్వారీకి వెళ్లాను. రెండు గంటల్లో గుట్టెడు పలకలు పక్కన పడేశాను. మధ్యాహ్నం ప్రదర్శనశాలలో అసలైన చేపలను తీరిగ్గా చూశాక, నేను పడేసిన పలకల్లో సన్నని గట్టులా కనిపించిన గీతలు వెన్నెముకలని అర్థమైంది. తిరిగి వెళ్లడానికి అప్పటికి సమయం లేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ రోజే కారణం.

ముందుగా, అక్కడ ఏం జరిగిందో తెలుసుకోండి

బ్యూట్ అంటే నిటారు పక్కలు, చదునైన నెత్తి ఉన్న గుట్ట. ఫాసిల్ బ్యూట్‌ను 1972 అక్టోబరు 23న అమెరికా జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. విస్తీర్ణం 8,198 ఎకరాలు. ఆ చేపలు బతికిన ఈయోసీన్ యుగంలో ఈ ప్రాంతంలో మూడు పెద్ద సరస్సులు ఉండేవి. వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ఇప్పుడు ఫాసిల్ లేక్ అని పిలుస్తున్నారు. చుట్టూ తాటి జాతి చెట్లు, గట్టున మొసళ్లు, గాలిలో గబ్బిలాలు. ఇవాళ చలికాలంలో మంచుతో గడ్డకట్టే ఈ నేల అప్పుడు వెచ్చగా, తేమగా ఉండేది.

సరస్సు నీటిలో కరిగి ఉన్న సున్నం సన్నని పొడిలా విడిపోయి అడుక్కి దిగుతూ ఉండేది. చచ్చి అడుగుకు చేరిన చేప మీద ఆ పొడి కప్పేది. అడుగున ఆక్సిజన్ తక్కువ కాబట్టి పీక్కుతినే జీవులు అంతగా ఉండేవి కావు. ఎముకలు కదలకుండా ఉండిపోయాయి. పొర మీద పొర పేరుకుని సున్నపురాయి అయింది. మన బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు పొరలు పొరలుగా లేస్తాయి కదా, ఇదీ అలాగే లేస్తుంది. తేడా ఒక్కటే. మన నాపరాళ్లు చేపలు పుట్టక ముందటివి. వాటిలో ఎంత వెదికినా చేప దొరకదు.

గుట్టను దూరం నుంచి చూసినప్పుడు కింద ఎరుపు, ఊదా చారలు, పైన పాలిపోయిన గోధుమ తెలుపు కనిపిస్తాయి. కింది రంగుల పొరలు నదులు తెచ్చిపోసిన వాసాచ్ మట్టి. పైన ఉన్నది గ్రీన్ రివర్ పొర, అంటే సరస్సు అడుగు. చేపలు ఉండేది ఆ పైభాగంలోనే. కారు దిగగానే ఈ రెండింటినీ వేరుచేసి చూడండి. ఆ రోజంతా మీరు చూసేది ఆ పై పట్టీ గురించే.

ఎప్పుడు, ఏం పట్టుకుని వెళ్లాలి

మే చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. క్వారీలు కూడా దాదాపు ఆ నెలల్లోనే నడుస్తాయి. చలికాలంలో ప్రదర్శనశాల పనిచేసే రోజులు తగ్గుతాయి, కాలిబాటలు మంచు కింద ఉంటాయి. బయల్దేరే వారం ముందు నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైటులో వేళలు చూసుకోండి. ప్రవేశ రుసుము లేదు.

ఈ ప్రాంతం 6,600 అడుగులకు పైన ఉంది. ఎండ మాడ్చేస్తుంది, గాలి వీడదు, నీడ ఉండదు. హైదరాబాదు ఎండకు అలవాటుపడిన ఒళ్లు కూడా ఇక్కడ త్వరగా ఎండిపోతుంది. చెమట పట్టినట్టు తెలియదు కాబట్టి దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కనీసం ఉండాలి. టోపీ, పొడవు చేతుల చొక్కా, బూట్లు, సాయంత్రానికి స్వెట్టరు పెట్టుకోండి. లోపల భోజనం దొరకదు, రాత్రి ఉండటానికి గుడారాలకు అనుమతి లేదు. పులిహోర కలుపుకుని వెళ్తే సాయంత్రం దాకా చెడిపోదు, చేతులు కడుక్కునే నీళ్లు మాత్రం వేరుగా పెట్టుకోండి. పెట్రోలు కెమ్మరర్‌లోనే నింపండి. ఫోను సిగ్నలు మీద ఆధారపడకుండా మ్యాపును ముందే దింపుకోండి.

క్వారీకి కూడా వెళ్లేట్టయితే ఇవి చేర్చండి: కళ్లద్దాలు, మందమైన చేతి తొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటి, పాత వార్తాపత్రికలు, ఒక గట్టి అట్టపెట్టె, పెయింటు బ్రష్షు, భూతద్దం, పక్క నుంచి వెలుతురు వేయడానికి చిన్న టార్చి. చివరి రెండూ చాలామంది తీసుకురారు. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేవి అవే.

దారి

సాల్ట్ లేక్ సిటీ నుంచి 80వ ఇంటర్‌స్టేట్ మీద తూర్పుగా ఇవాన్‌స్టన్ దాకా వెళ్లి, అక్కడ 189వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరంగా కెమ్మరర్ చేరాలి. కెమ్మరర్ నుంచి 30వ నంబరు రోడ్డు మీద పడమరగా తొమ్మిది మైళ్లు వెళ్తే స్మారక స్థలానికి మలుపు వస్తుంది. ఆగకుండా నడిపితే మొత్తం రెండు గంటలు దాటుతుంది. పొద్దున ఆరున్నరకు బయల్దేరితే ప్రదర్శనశాల తెరిచే వేళకు హాయిగా చేరతారు. ఇక్కడి నుంచి జాక్సన్‌కు వెళ్లేవాళ్లు అదే 30వ నంబరు రోడ్డు మీద కోక్‌విల్ వైపు సాగి, 89వ నంబరు రోడ్డుతో స్టార్ వ్యాలీ, అఫ్టన్, ఆల్పైన్ మీదుగా పోవచ్చు. ఆ లోయ చాలా అందంగా ఉంటుంది, పగటి వెలుతురు ఉండగానే దాటండి.

రాత్రి కెమ్మరర్‌లో బస చేయగలిగితే ఇంకా మంచిది. పొద్దున గుట్టల దగ్గర, మధ్యాహ్నం దాటాక క్వారీలో ఉండొచ్చు. ఎండ ఏటవాలుగా పడే వేళల విలువ కింద చెబుతాను.

మొదటి రెండు గంటలు: కన్ను సాధన

నేరుగా ప్రదర్శనశాలకు వెళ్లండి. అక్కడ 300కు పైగా శిలాజాలున్నాయి. పదమూడు అడుగుల మొసలి, తాబేళ్లు, తాటి ఆకులు అన్నీ చూడదగ్గవే. పిల్లలు మొసలి దగ్గరే ఆగిపోతారు, ఆగనివ్వండి. మీరు మాత్రం చిన్న చేపలతో మొదలుపెట్టండి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చేప పేరు నైటియా. చాలావరకు అరచేతిలో ఇమిడేంతే ఉంటుంది. 1856లో జోసెఫ్ లీడీ దీన్ని మొదటిసారి వర్ణించారు. 1907లో డేవిడ్ స్టార్ జోర్డాన్ ఇప్పటి పేరు పెట్టారు, వయోమింగ్ భూవిజ్ఞాని విల్బర్ నైట్ జ్ఞాపకంగా. 1987 నుంచి ఇది ఆ రాష్ట్రపు అధికారిక శిలాజం. మనకు దీనితో ఇంకో చుట్టరికం ఉంది. ఇది కవళ్లు, పులస చేరే హెర్రింగ్ జాతి సమూహానికి చెందిన చేప. గాజు పెట్టె దగ్గరకు వంగి దాని పొట్ట అంచు చూడండి. రంపపు పళ్లలా గట్టి పొలుసుల వరస ఒకటి కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో పులస కడిగినవాళ్ల వేళ్లకు ఆ గరుకు బాగా తెలుసు. అదే గరుకు, 5.2 కోట్ల ఏళ్ల కిందటిది, రాతి మీద.

ఇప్పుడు డిప్లోమిస్టస్ దగ్గరకు వెళ్లండి. తొలిచూపులో ఇదీ నైటియాలాగే ఉంటుంది. రెండు గుర్తులు పట్టుకోండి. దీని నోరు పైకి తిరిగి ఉంటుంది. పొట్ట వెనక, తోక వైపున ఉండే కింది రెక్క నైటియా రెక్క కంటే బాగా పొడుగ్గా సాగుతుంది. బాగా పెద్దవి రెండు అడుగుల దాకా పెరుగుతాయి. నైటియాను మింగబోయి, గొంతులో అడ్డంపడి చచ్చిన డిప్లోమిస్టస్‌లు ఈ పొరల్లో దొరికాయి.

ముళ్ల రెక్కతో, తిలాపియాలా గుండ్రంగా ఉన్నది ప్రిస్కకారా. పొడుగ్గా, వేటాడే చేప ఒడ్డూ పొడుగూ ఉన్నది మయోప్లోసస్. పెద్ద దవడ, పదునైన పళ్లు, వీపు మీది రెక్క బాగా వెనక్కి జరిగి ఉంటే ఫేరియోడస్. ఈ అయిదింటినీ పేరు చూడకుండా గుర్తుపట్టే దాకా గది వదలకండి. ఆ తర్వాత హీలియోబాటిస్ దగ్గర ఎంతసేపైనా నిలబడండి. అది మంచినీటి టేకు చేప. పళ్లెంలాంటి ఒళ్లు, కొరడాలాంటి తోక, ఆ తోక మీది ముల్లు కూడా చెక్కుచెదరలేదు. రాతిలో ఇంత సున్నితమైన వస్తువు నేను ఇంకెక్కడా చూడలేదు.

శిలాజం మీది రాయిని తొలగించే పనివాళ్లు ఆ సమయంలో పనిలో ఉంటే వాళ్లను చూడటం మానుకోవద్దు. సూదిలాంటి పనిముట్టుతో రాతిని పొడి పొడిగా లేపుతారు. ఒక అంగుళం కదలడానికి ఎంత సమయం పడుతుందో చూస్తే, గోడ మీద వేలాడే పెద్ద చేపల వెనక ఎన్ని రోజుల పని ఉందో తెలుస్తుంది. పిల్లలుంటే, వాళ్ల కోసం ఇచ్చే జూనియర్ రేంజర్ అనే పనుల పుస్తకం అడగండి.

నడక

హిస్టారిక్ క్వారీ ట్రయిల్ చుట్టు రెండున్నర మైళ్లు. ఎక్కుడు ఉంది కాబట్టి ఎండెక్కక ముందే నడవండి. యంత్రాలు లేని రోజుల్లో చేపలు తవ్వినవాళ్ల పాత క్వారీ దగ్గరకు ఇది తీసుకెళ్తుంది. గుర్రబ్బండి మీద రాళ్లు దింపుకునే ఆ మనుషులు వేసవులన్నీ ఈ గాలిలోనే గడిపారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లను చికెన్ క్రీక్ దగ్గరి ఒకటిన్నర మైలు బాటకు తీసుకెళ్లండి. అక్కడ ఆస్పెన్ చెట్ల నీడైనా ఉంటుంది. దూరంగా మైదానంలో ప్రాంగ్‌హార్న్‌లు (జింకలాంటి జంతువులు) మేస్తూ కనిపించవచ్చు.

బాట మీద రాతి ముక్కలో చేప తోక కనిపించినా సరే, తీయకండి. స్మారక స్థలంలో రాయి, ఎముక, పువ్వు ఏదీ తీసుకోకూడదు. తీస్తే నేరం. కనిపించినదాన్ని ఉన్నచోటే వదిలి, ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని రేంజరుకు చెప్పండి. ఏ పొరలో, ఏ దిక్కుగా పడి ఉందో అన్న సమాచారం చేపంత విలువైనది. జేబులో వేసుకున్న క్షణంలో అది పోతుంది.

క్వారీలో: సొంతంగా ఒక చేప

స్మారక స్థలం బయట, కెమ్మరర్ చుట్టుపక్కల, డబ్బు తీసుకుని తవ్వనిచ్చే ప్రైవేటు క్వారీలున్నాయి. కొన్ని గంటల లెక్కన, కొన్ని పూటల లెక్కన తీసుకుంటాయి. ముందే ఫోను చేసి మాట్లాడుకోండి. మూడు ప్రశ్నలు తప్పక అడగండి: దొరికినవన్నీ నేను ఉంచుకోవచ్చా, అరుదైనవి దొరికితే ఎవరివి, పనిముట్లు మీరే ఇస్తారా. రాష్ట్ర ప్రభుత్వ భూమిని లీజుకు తీసుకుని నడిపే క్వారీల్లో నైటియా, డిప్లోమిస్టస్ వంటి మామూలు చేపలు మీవి, అరుదైనవి రాష్ట్రానివి. సొంత భూముల్లో యజమాని మాటే నియమం. వీటన్నిటికీ బయట, ఖాళీగా కనిపించిన గుట్ట మీద సొంతంగా తవ్వడం మాత్రం తలపెట్టకండి. సమాఖ్య ప్రభుత్వ భూమిలో వెన్నెముక ఉన్న జీవుల శిలాజాలు తీయాలంటే అనుమతిపత్రం ఉండాలి.

ఈ క్వారీల్లో రెండు పొరల పేర్లు వింటారు. పద్దెనిమిది అంగుళాల పొరలో చేపలు ముదురు గోధుమ నుంచి నలుపు రంగులో ఉంటాయి, వాటి మీద పలుచని రాతి తొడుగు ఉంటుంది. రాయి చీలినా చేప బయటపడదు, ఉబ్బు మాత్రమే తెలుస్తుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు రాత్రిపూట దీపాన్ని నేలబారుగా పెట్టి ఆ ఉబ్బు నీడలను వెదుకుతారు. రెండోది స్ప్లిట్ ఫిష్ పొర. ఇక్కడ రాయి చేప ఉన్న చోటే చీలి, గోధుమ నారింజ రంగు చేప కనిపిస్తుంది. సందర్శకులు ఎక్కువగా తవ్వేది ఇదే.

పని ఇలా చేయండి. పలకను నిలబెట్టి దాని అంచు చూడండి. పుస్తకం పుటల్లా సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక గీతను ఎంచుకుని పలుచని ఉలిని దాని మీద ఆనించి మెల్లగా కొట్టండి. ఒక్కచోటే గట్టిగా కొడితే పలక అడ్డంగా విరుగుతుంది, చేప నడుము దగ్గర రెండుగా పోతుంది. రెండు అంగుళాలకొక దెబ్బ చొప్పున అంచు చుట్టూ తిరగండి. మొదట టంగుమని మోగిన రాయి, లోపల పొర వీడుతుంటే బోలుగా పలుకుతుంది. ఆ శబ్దం మారగానే ఆగి, ఉలిని కాస్త తిప్పండి. పలక తెరుచుకుంటుంది. అప్పుడే చీలిన రాతికి ముక్కు దగ్గర పెడితే కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. సరస్సులో పెరిగిన నాచు, ఇతర జీవపదార్థం రాయిలో మిగిల్చిన నూనె అది.

తెరుచుకున్న రెండు ముఖాలూ చూడండి. నిట్టనిలువుగా పైనుంచి చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు. పలకను వంచి, వెలుతురు పక్క నుంచి జారేట్టు పట్టుకోండి. మధ్యాహ్నపు ఎండలో కనిపించని వెన్నెముక సాయంత్రపు ఏటవాలు ఎండలో సన్నని తాడులా లేచి నిలబడుతుంది. ఎండ నడినెత్తిన ఉంటే మీ నీడలో పలక పెట్టుకుని టార్చిని పక్కగా వేయండి. చిన్న గట్టులాంటి గీత, దానికి ఒక చివర గుండ్రని ఉబ్బు కనిపిస్తే ఆ పలకను పక్కన పెట్టండి. ఉబ్బు తల, గీత వెన్నెముక. అక్కడే గీకి చూడాలనిపిస్తుంది, గీకకండి. పైపొర గోరుతో లేచేంత మెత్తగా అనిపిస్తే, కింది ఎముక కూడా అంత మెత్తగానే ఉంటుంది.

చేప ఒక ముఖం మీద, దాని అచ్చు ఇంకో ముఖం మీద పడితే రెండూ ఉంచుకోండి. చాలామంది మంచిదాన్ని మాత్రం తీసుకుని రెండోది పారేస్తారు. రెండోదానిలో మొదటిదానికి అంటని రెక్క ముళ్లు ఉండిపోయి ఉండవచ్చు.

కొనేవాళ్లకు

తవ్వే ఓపిక లేనివాళ్లు కెమ్మరర్ దుకాణాల్లో కొనుక్కోవచ్చు. భూతద్దం తీయండి. అసలు ఎముకకు సన్నని గీతలు, పగుళ్లు, కాస్త మెరుపు ఉంటాయి. కుంచెతో వేసిన రంగు సాఫీగా, అంచు కలిసిపోయి ఉంటుంది. పక్కటెముకలు అన్నీ ఒకే మందంలో, ఒకే దూరంలో ఉన్నా అనుమానించండి. విరిగిన రెక్కను పూరించడం ఈ వ్యాపారంలో మామూలే, తప్పు కాదు. ఎంత పూరించారో చెప్పకపోవడమే తప్పు. అడిగితే వేలుపెట్టి చూపించే దుకాణంలో కొనండి. బిల్లు మీద శిలాజం పేరు, దొరికిన చోటు రాయించుకోండి.

ఇంటికి తేవడం

కొత్తగా తీసిన పలకలో తేమ ఉంటుంది. ఎండలో ఆరబెట్టకండి, నీడలో చదునుగా ఉంచి మెల్లగా ఆరనివ్వండి. ఒక్కొక్క పలకను వేరువేరుగా వార్తాపత్రికలో చుట్టి, అట్టపెట్టెలో నిలువుగా, పుస్తకాల్లా పేర్చండి. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పెడితే కారు కుదుపులకు అడుగుది పగులుతుంది. విమానంలో అయితే బరువు ముందే తూచుకోండి. సుత్తి, ఉలి చేతిసంచిలో ఉండకూడదు. ఇండియాకు తీసుకెళ్లేవాళ్లు బిల్లును రాయితోపాటే ఉంచండి.

ఇండియాలోనే ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున సిరొంచ ఉంది. ఆ దగ్గరే ప్రాణహిత గట్టున ఉన్న కోట అనే ఊరి సున్నపురాయిలో జురాసిక్ కాలపు చేపలు దొరికాయి. అవి నైటియా కంటే ఎన్నో కోట్ల ఏళ్లు పాతవి. లెపిడోటస్ దక్కనెన్సిస్ అనే చేప 1851లోనే శాస్త్ర గ్రంథాలకెక్కింది. అదే కోట పేరు మీదుగా కోటాసారస్ అనిపించుకున్న డైనోసార్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. వయోమింగ్ వెళ్లే ముందో, వచ్చాకో పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి.

ఇంట్లో చేపను దీపం వెలుతురు నేరుగా ఎదురుగా పడే చోట కాక, కిటికీ పక్క గోడకు పెట్టండి. వెలుతురు పక్క నుంచి తగిలినప్పుడే ముళ్లు లేచి కనిపిస్తాయి. పెట్టే ముందు పలక వెనక పెన్సిలుతో నాలుగు వివరాలు రాయండి: చేప పేరు, దొరికిన క్వారీ, ఏ పొర, ఏ తేదీ. పెన్ను వాడకండి, ఆ రాయి సిరాను పీల్చుకుని అలికేస్తుంది.